బెన్నీకి పట్టిన ప్రోగ్రెసివ్ రాక్

ఆ శనివారం పొద్దున బాలశౌరి పెట్టుకున్న పనులు రెండే. ఇడ్లీ తినడం, తిన్నాక వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదవడం. ఇడ్లీ దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. అల్లం పచ్చడి మారు వడ్డించుకుంటూ ఉండగా ఫోను మోగింది. అక్కడితో ఆయన పేపరు ఆ వారమంతా మడత విప్పకుండానే ఉండిపోయింది.

బాలశౌరి బీమా ఏజెంటుగా గవర్నర్‌పేట సందులన్నీ తిరిగి రిటైరైన మనిషి. ఎదుటివాడు ఏదడిగినా ‘లేదు’ అనకూడదన్నది ఆ వృత్తిలో ఆయన నేర్చుకున్న ఏకైక సూత్రం. ఈ పాలసీలో పంటినొప్పి కలుస్తుందా అని ఎవరైనా అడిగితే, “ఎందుకు కలవదండీ!” అనేవాడు. కలవదని వాళ్ళకు తెలిసేసరికి ఆయన వేరే వీధిలో ఉండేవాడు. రిటైరయ్యాక పాలసీలు పోయాయి గానీ ఆ మాట మాత్రం నోటికి అంటుకుని ఉండిపోయింది.

ఫోను చేసింది కంకిపాడు నుంచి జయపాల్. ఈయన మేనకోడలు బ్లెస్సీని బాలశౌరి కొడుకు బెన్నీకి అడుగుతున్నారు. ఇరువైపులా ఫొటోలు అందాయి గానీ పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు ఇంకా చూసుకోలేదు.

“అన్నయ్యగారూ, మీ అబ్బాయి ఫొటో ఇక్కడ అందరికీ నచ్చిందండి. ఒక్కటే చిక్కు. మా బ్లెస్సీ ప్రతి సంబంధానికీ ఒక షరతు పెడుతుందండి. అబ్బాయి ప్రోగ్రెసివ్ రాక్ వినేవాడై ఉండాలంట. అదేదో ఇంగ్లీషు పాటల్లో ఒక రకం లెండి. ఈ ముక్క చెప్పాక ఇప్పటిదాకా ఎవరూ మళ్ళీ ఫోనెత్తలేదు. మీ వాడికి ఆ అలవాటేమైనా ఉందాండి?”

“ఎందుకు లేదండీ! మా వాడికి అదే ప్రాణం. అది వినందే అన్నం ముట్టడు.”

“బతికించారు! అయితే వచ్చే ఆదివారం చర్చిలో పూజయ్యాక వచ్చేయండి. అమ్మాయే కూర్చుని ఆ పాటల గురించి మాట్లాడుతుందంట.”

ఇంత జరుగుతుంటే పక్కగదిలో బెన్నీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పంపుసెట్లు అమ్మే హోల్‌సేల్ కొట్టులో బిల్లులు వేసే ఉద్యోగం అతనిది. ముప్పై దాటాయి. నెమ్మదస్తుడు. పాటంటే అతనికి తెలిసిందల్లా గుడిలో కోయిరు, ఆటోల్లో సినిమా పాటలు.

“ఒరే, ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏంట్రా?” అన్నాడు తండ్రి గుమ్మంలో నిలబడి.

“నాకేం తెలుసు నాన్నా? ఎందుకు?”

“నీకది ప్రాణమని చెప్పాను. ఆదివారానికి నేర్చుకో.”

ఇంకెవరి కోసమైనా అయితే బెన్నీ దండం పెట్టి తప్పుకునేవాడే. కానీ ఫొటోలో ఉన్న బ్లెస్సీని అతను ఇదివరకే ఒకసారి చూశాడు. మంగళగిరిలో ఎవరిదో పెళ్ళి. పంక్తిలో ఒక ముసలావిడ చెవి పక్కనే డీజే బాక్సు అదిరిపోతుంటే, ఒకమ్మాయి తింటున్న విస్తరి వదిలి లేచి వెళ్ళి, ఎంగిలిచేత్తోనే డీజేవాణ్ణి కడిగేసి సౌండు తగ్గించి వచ్చింది. ముసలావిడ నెమ్మదిగా పెరుగన్నం పూర్తి చేసింది. ఆహా, ఈ పిల్లకు సంగీతమంటే ఎంత పట్టింపు అనుకున్నాడు బెన్నీ. అప్పటినుంచీ ఆ పిల్లే కళ్ళల్లో ఉంది. ఇప్పుడు ఆ పిల్లే ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతుందంటే అతనికి ఆనందం, చెమట ఒకేసారి వచ్చాయి.

మొదటి పాట కొట్టుకు వెళ్తూ బస్సులో పెట్టుకున్నాడు. బస్సు కదిలింది, సంగీతం కదిలింది. ఆర్గను వచ్చింది, గిటారు వచ్చింది, వేణువు వచ్చింది, వర్షం చప్పుడు వచ్చింది. మనిషి గొంతు మాత్రం రాలేదు. దిగాల్సిన స్టాపు దగ్గర అప్పుడే ఎవరో పల్లవి ఎత్తుకున్నారు. దాన్ని కాదని దిగలేక బెన్నీ రెండు స్టాపులు ముందుకుపోయి నడిచి వెనక్కి వచ్చాడు. ఇంతా చేసి ఆ పాట అప్పటికి సగమే అయింది.

పైగా దానికి తాళం వేద్దామంటే చెయ్యి తప్పిపోయేది. ఇంటర్నెట్‌లో చదివితే అసలు సంగతి తెలిసింది. ఈ పాటల్లో చాలావాటిని నాలుగు కాకుండా ఏడేసి దెబ్బలుగా లెక్కపెట్టుకోవాలట. దాంతో కొట్టులో కూడా వేళ్ళ మీద ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడం, మళ్ళీ ఒకటికి రావడం మొదలెట్టాడు. ఎనిమిది పంపుసెట్లు అడిగిన నూజివీడు రైతుకు ఏడుకే బిల్లు వేసి చీవాట్లు తిన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తేలికవి ఎవరైనా బట్టీపట్టగలరు, కష్టమైనవి వింటేనే ఆమె నమ్ముతుందని బెన్నీకి తోచింది. ఇందులో ముదురు రకాలు చాలా ఉన్నాయి. ఫ్రాన్సులో కొందరు ఉన్న భాషలు చాలక సొంతంగా ఒక భాష కల్పించుకుని గుంపుగా పాడే రకం ఒకటి. మధ్యలో ఉన్నట్టుండి బొంగురు గొంతుతో గుర్రుగుర్రుమని గర్జించే రకం ఇంకొకటి. మొదటి రెండు రోజులూ తలనొప్పి మాత్ర వేసుకుని విన్నాడు. మూడోరోజు మాత్ర మర్చిపోయాడు. ఆ తర్వాత వినడం కోసమే పెందలాడే లేవసాగాడు. పాపం, తనకేమైందో తనకే తెలియలేదు.

ఇంట్లోవాళ్ళకు మాత్రం తెలిసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నవాడికి తన గొంతు తనకు వినపడదు కదా! స్నానాలగదిలో బెన్నీ ఆ గర్జన అందుకుంటే వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడేవి. తల్లి సంపూర్ణమ్మ అది అజీర్తి అనుకుని రెండుపూటలా వాము నీళ్ళు పట్టింది. పక్కింటి శౌరమ్మ అజీర్తి అనుకోలేదు. మరియమాత సంఘానికి ఆవిడ పెద్ద. గోడ దగ్గర నిలబడి ఒక పాట మొత్తం వింది.

“సంపూర్ణం, వాడు మాట్లాడేది తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. ఏ భాషా కాదే తల్లీ!”

“అరగడం లేదొదినా.”

“అరక్కపోతే త్రేన్పులొస్తాయి గానీ ఫారిన్ పిశాచాలొస్తాయా? యేసు మరియ జోజప్పా! ఇది పట్టిందే!”

అది అక్టోబరు. ఆ నెల పొడుగునా మరియమాత స్వరూపాన్ని సాయంత్రానికొక ఇంటికి తీసుకెళ్ళి జపమాల చెప్పుకోవడం ఆ పేటలో రివాజు. బాలశౌరి ఇంటి వంతు నెలాఖరున ఉంది. శౌరమ్మ అందరికీ కబురు చేసి దాన్ని శుక్రవారానికి ముందుకు జరిపించింది. ఎందుకని అడిగినవాళ్ళకు చెవిలో చెప్పింది. అడగనివాళ్ళకు కాస్త గట్టిగానే చెప్పింది.

సరిగ్గా అదే శుక్రవారం కంకిపాడు నుంచి జయపాల్ బస్సెక్కాడు. పిల్లనిచ్చేవాళ్ళు అబ్బాయి గురించి నాలుగుచోట్ల వాకబు చెయ్యడం మన వైపు ఆనవాయితీ. చెప్పి వస్తే అది వాకబే కాదు. ముందుగా బెన్నీ పనిచేసే కొట్టు ఎదురుగా టీబంకు దగ్గర ఆగాడు.

“బెన్నీ గారాండి? బంగారంలాంటి మనిషండి,” అన్నాడు టీబంకాయన. “కాకపోతే ఈ మధ్య టీ తాగుతా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడండి. ఏడు దాకా వస్తాడు, మళ్ళీ మొదటికి పోతాడు. ఎనిమిది మటుకు అనడండి.”

జయపాల్ టీ సగంలో వదిలేశాడు. ఆటో ఎక్కి ఇంటి సందుకు వచ్చేసరికి శౌరమ్మ కొవ్వొత్తులు పంచుతోంది. “అమ్మా, బాలశౌరి గారి అబ్బాయి ఎలాంటోడండి?” అని అడిగాడు.

“మీకూ తెలిసిందా బాబూ! ఎంత మంచి పిల్లోడు, పిశాచం పట్టి ఎలా అయిపోయాడో. రండి, వాడికోసమే ఈ ప్రార్థన,” అని ఆవిడ ఒక కొవ్వొత్తి చేతిలో పెట్టి ఆయన్ను లోపలికి తోసింది.

లోపల సంపూర్ణమ్మను పలకరిస్తే, అజీర్తి, తగ్గుముఖం పట్టింది అంది. బాలశౌరి ఆయన్ను శౌరమ్మ తీసుకొచ్చిన భక్తుడనుకుని, పాటల బట్టీ సంగతి బయటికి పొక్కకుండా, ఉత్త గొంతు బొంగురే అన్నాడు. ఒక్క రోగానికి మూడు పేర్లు విన్న జయపాల్ గోడకు ఆనుకుని మోకరిల్లాడు.

పాటలు మైకులో పాడుకోవడానికి బాలశౌరి బెన్నీ స్పీకరు తెచ్చి మరియమాత పక్కన బల్ల మీద పెట్టాడు. వైరు లేకుండా ఫోనుతో పనిచేసే స్పీకరు అది. ఎప్పుడో ఒకసారి కలిపిన బెన్నీ ఫోను తప్ప దానికి వేరే లోకం తెలియదు. అందరూ మంగళవార్త జపం సగంలో ఉండగా బెన్నీ కొట్టునుంచి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, జేబులో పాట నడుస్తూ ఉండగానే ఇయర్‌ఫోన్ల వైరు ఫోనునుంచి ఊడదీశాడు. ఫోను స్పీకరును గుర్తుపట్టింది. మరుక్షణం ఆ బల్ల మీదనుంచి, నలభైమంది మోకాళ్ళ మీద ఉన్న ఆ గదిలోకి, బొంగురు గొంతు గర్జన బద్దలైంది.

పిల్లలు ఏడ్చారు. సంపూర్ణమ్మ కొడుకును కావలించుకుంది. “ఫోను, ఫోను!” అని బెన్నీ అరుస్తుంటే ఆ గర్జనలో ఎవరికీ వినపడలేదు. శౌరమ్మ మాత్రం బెదరలేదు. చేతిలోని తీర్థం సీసా మూత తీసి, ఉన్నదంతా స్పీకరు మీద గుమ్మరించింది. అది బుసబుసమంది, కీచుమంది, ఆగిపోయింది.

“పోయింది!” అంది శౌరమ్మ నుదుటి చెమట తుడుచుకుంటూ. “చూశారా, ఎలా పోయిందో!”

ఆ మాట నిజమే. స్పీకరు మళ్ళీ పలకలేదు.

తెల్లారి జయపాల్ నుంచి ఫోను. “మన్నించండి అన్నయ్యగారూ, మాకు కుదరదండి. అబ్బాయికి వంట్లో బాగాలేదు కదా.”

“అబ్బే, ఎవరన్నారండీ? నిక్షేపంలా ఉన్నాడు!”

“నిన్న కొవ్వొత్తి పట్టుకుని మీ గోడవార నేనే ఉన్నానండి.”

బాలశౌరి జీవితంలో మొదటిసారి ‘ఎందుకు’ అని అందుకోకుండానే ఫోను పెట్టేశాడు. బెన్నీ మొహం చూడలేకపోయాడు. కుర్రాడు మంచం మీద కూర్చుని ఇయర్‌ఫోన్ల వైరు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

“ఆ రోజు లేదని ఒక్కమాట అనుంటే సరిపోయేది కదా నాన్నా!”

“అనుంటే ఆ రోజే పోయేది కదరా,” అన్నాడు బాలశౌరి నీరసంగా. అది అబద్ధం కాదు.

మధ్యాహ్నం బెన్నీకి కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. “నేను బ్లెస్సీనండి. మావయ్య వచ్చి ఏదేదో చెప్పాడు. మీరు ఏడు దాకానే లెక్కపెడతారంట, నిజమేనా?”

“నిజమేనండి.”

“రేపు రండి. మావయ్య సంగతి నేను చూసుకుంటాను.”

ఆదివారం కంకిపాడులో పెద్దలు హాల్లో జంతికలతో కూర్చున్నారు. జయపాల్ కుర్చీ బెన్నీకి కాస్త దూరంగా జరుపుకున్నాడు. పిల్లలిద్దర్నీ మాట్లాడుకోమని వెనక వరండాలోకి పంపి, తలుపు మాత్రం తెరిచే ఉంచారు.

“ముందు నేనొకటి చెప్పేస్తానండి,” అంది బ్లెస్సీ. “ఆ రాక్ పాట నేను ఒక్కటి కూడా వినలేదు.”

బెన్నీ జేబులోంచి తీస్తున్న ఇయర్‌ఫోన్లు మళ్ళీ జేబులో పెట్టేశాడు.

“ఆసుపత్రిలో చెవుల పరీక్షలు చెయ్యడం నా ఉద్యోగం. పొద్దస్తమానం మిషను కీచుమనిపించి, వినపడిందా, వినపడిందా అని అడగాలి. ఇంటికొస్తే చుట్టాలు పెళ్ళెప్పుడు, పెళ్ళెప్పుడు అని. కొన్నాళ్ళు ఈ గోల తప్పితే చాలనుకుని, మామూలు మనుషులు వినలేని సంగీతం ఏదని ఫోన్లో వెతికా. ఈ పేరు దొరికింది, ఏడు దెబ్బల లెక్కతో సహా. భలే పనిచేసిందండి, మీరొచ్చేదాకా. మీరు నిజంగా విన్నారు! మీ మీద తీర్థం పోసేదాకా విన్నారు!”

“నా మీద కాదండి, స్పీకరు మీద,” అన్నాడు బెన్నీ. తర్వాత తల దించుకుని, వారం కిందటిదాకా ఆ పాటల పేరే తెలియదని తన వైపు అబద్ధం కూడా ఒప్పేసుకున్నాడు. మంగళగిరి పెళ్ళి, ముసలావిడ, పెరుగన్నం, అన్నీ చెప్పాడు.

బ్లెస్సీ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. “నాక్కావలసింది ప్రశాంతమైన ఇల్లండి. ఇప్పుడిక అవసరం తీరింది కదా, మానేస్తారా?”

‘ఎందుకు మాననండీ!’ అనే మాట తండ్రి గొంతుతో సహా బెన్నీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్కమాట అంటే పెళ్ళి ఖాయం. అతను దాన్ని మింగేశాడు.

“లేదండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను, నోరు మూసుకుంటాను. మానడం మాత్రం నా వల్ల కాదండి. చాలా బాగుందండి అది.”

బాలశౌరి ఇంటి మగాళ్ళు ఎదుటివాళ్ళకు లేదని చెప్పడం అదే మొదలు. బెన్నీ వెళ్ళిపోవడానికి లేచాడు కూడా.

“కూర్చోండి,” అంది బ్లెస్సీ. నవ్వుతోంది. “ఇన్ని సంబంధాలొచ్చాయి గానీ, నా మొహం మీద లేదని చెప్పిన మనిషి మీరొక్కరే. ఏదీ, వినిపించండి.”

చెరొక ఇయర్‌ఫోను పెట్టుకున్నారు. ఆమె సౌండు బాగా తగ్గించింది. హాల్లో జంతికలైపోయాయి, కాఫీలైపోయాయి, పాట మాత్రం ఇంకా పల్లవికి రాలేదు. ఇక ఉండబట్టలేక జయపాల్ లేచి తలుపు దగ్గరకు వెళ్ళి చూశాడు. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. బెన్నీ వేళ్ళు లెక్కపెడుతున్నాయి, బ్లెస్సీ వేళ్ళూ లెక్కపెడుతున్నాయి. ఏడు దాకా వచ్చాయి, మళ్ళీ మొదటికి పోయాయి.

జయపాల్ పరుగున వెనక్కి వచ్చి బాలశౌరి చెయ్యి పట్టుకున్నాడు. “అన్నయ్యగారూ, మా పిల్లక్కూడా అంటుకుందండి! పెళ్ళయితే ఇది తగ్గుతుందాండి?”

“ఎందుకు తగ్గదండీ!” అన్నాడు బాలశౌరి.