తొంభై ఎనిమిది మార్కుల కుళాయి

నేను ఎక్కువ మాట్లాడను. జీవితమంతా కుళాయిలు బాగుచేసిన వాణ్ణి. నీళ్ళైనా మాటలైనా ఊరికే కారిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంట్లో నా వాటా "ఊఁ". మరీ తప్పకపోతే "ఊహూఁ". మిగతా మాటలన్నీ మా ఆవిడవే. ఆవిణ్ణి నేను రేడియో అంటాను, మనసులో. ఆవిడ నన్ను ఊకొట్టు మేస్త్రీ అంటుంది, పైకే.

పని మానేశాక కోడలు నాకో బ్లాగు తెరిచి ఇచ్చింది. "మీకు తెలిసిందంతా రాయండి మామయ్యా, నలుగురికీ పనికొస్తుంది" అంది. కారే కుళాయి గురించి రాశాను.

"కుళాయి విప్పండి. పాత వాషరు తీయండి. కొత్తది వేయండి. బిగించండి."

వాషరంటే లోపలుండే రబ్బరు బిళ్ళ. అది కూడా రాస్తే మరీ ఎక్కువవుతుందని మానేశాను.

రాసింది చదవడానికి ఎంత సులువో చూసి వందకి మార్కులేసే యంత్రం కూడా ఫోన్లో ఉందట. కోడలు చూపించింది. నాకు తొంభై ఎనిమిది వచ్చాయి. 'మూడో తరగతి చదివినవారికి కూడా అర్థమవుతుంది' అని కింద రాసింది. నేను చదివింది మూడే. నేను రాసింది నాకు అర్థమవుతుందని అలా ఖాయమైంది.

ఫోను తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టాను.

"ఏమిటిది?"

"మార్కులు."

"ఎవరివి?"

"నావి."

చదివింది. ఎంతసేపని చదువుతుంది? "అచ్చం మీరు ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. తెల్లకాగితం పెట్టుంటే ఆ మిగిలిన రెండు మార్కులూ వచ్చేవి" అంది.

నాకు పౌరుషం వచ్చింది. వంటింటి కుళాయి ఎన్నాళ్ళుగానో కారుతోంది. "ఇది చూసి నువ్వే బాగుచెయ్యి. చేశావంటే, ఇక జన్మలో నన్ను మాట్లాడమనకూడదు."

"చెయ్యలేకపోతే?"

"నీ ఇష్టం."

"రోజూ సాయంత్రం టీ తాగినంతసేపూ నాతో మాట్లాడాలి. ఊఁ లెక్కలోకి రాదు."

భయమేసింది. ఆవిడ టీ ఊదుకుంటూ, మధ్యలో ఆగుతూ, గుక్కగుక్కగా తాగుతుంది. అయినా తొంభై ఎనిమిది ఉన్నాయి కదా. "ఊఁ" అన్నాను.

ముందుగా సింకు కింది డబ్బాలన్నీ బల్లమీదికి ఎక్కించింది. చోటు కోసమేమో అనుకున్నాను. ఫోను అలమరలో నిలబెట్టి ఏదో నొక్కింది. చదువుకోవడానికేమో అనుకున్నాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"కుళాయి విప్పండి" అని పైకి చదివి, స్పానరు పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది, ముందు నీళ్ళు కట్టెయ్యమని నేను రాయలేదని. అది కూడా రాస్తారా ఎవరైనా? నోరు తెరిస్తే ఓడినట్టే. పళ్ళు బిగించి కూర్చున్నాను.

కుళాయి ఊడింది. నీళ్ళు పైకప్పుకి తగిలాయి.

"తరవాత పాత వాషరు తియ్యమని ఉందండీ!" అని అరిచింది నిలువునా తడుస్తూ. "నీళ్ళొస్తాయని ఎక్కడా లేదే!"

"నీ వాషరు తగలెయ్య! సింకు కింద ఎడంపక్క ఎర్ర పిడి ఉంటుంది, కుడికి తిప్పు, గట్టిగా కాదే, పాతది, విరిగి చేతిలోకొస్తుంది, కాస్త వెనక్కి వదిలి అప్పుడు తిప్పు, ఆఁ, అలాగ, ఇప్పుడు సింకు కన్నంలో గుడ్డ కుక్కు, మర అందులో పడిందంటే ఇక దొరకదు, పాత బిళ్ళ పారెయ్యకు, దాని పక్కన పెట్టి చూసుకునే కొత్తది తియ్యాలి, ఎదురుగా నిలబడకు, నా బంగారం, కాలు జారుతుంది!"

నీళ్ళు ఆగాయి. నేను ఆగలేదు. కొత్త వాషరు వేసి బిగించేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆవిడ మొహం తుడుచుకుని ఫోను అందుకుంది. మాట్లాడితే అక్షరాలు చేసే మీట ఒకటి ఉందట దాంట్లో. నా అరుపులన్నీ పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. కోడలికి పంపేసింది. కోడలు బ్లాగులో పెట్టేసింది.

మర్నాడు దాన్ని మార్కుల యంత్రంలో వేశాను. పదకొండొచ్చాయి. 'వాక్యం ఎక్కడా ఆగడం లేదు. చదవడం చాలా కష్టం' అంది.

బ్లాగు తెరిచాను. ముక్కూమొహం తెలియని ఒకాయన, మీరు చెప్పినట్టే చేశాను, కారడం ఆగిందని రాశాడు. ఇంకొకావిడ, "అన్నయ్యగారూ, పక్కన నిలబడి చెప్పినట్టుంది. 'నా బంగారం' మాత్రం తీసెయ్యకండి" అంది. మొదట రాసినదాని కింద మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. ఆలోచిస్తే, అందులో తెలియనివాడికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. తెలిసినవాడికి అది అక్కర్లేదు.

సాయంత్రం ఆవిడ రెండు గ్లాసులతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం చెప్పను?" అన్నాను.

"ఆ ఎర్ర పిడి గట్టిగా తిప్పితే ఎందుకు విరుగుతుంది?"

"నీకు తెలియదా? నేను పనిమీద పోయినప్పుడల్లా దాన్ని తిప్పి నీళ్ళు కట్టేది నువ్వే కదా!"

అన్నాక, డబ్బాలు తడవకుండా ముందే బల్లెక్కిన సంగతి గుర్తొచ్చింది.

"తెలుసు" అంది టీ ఊదుకుంటూ. "చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ గ్లాసు ఇంకా నిండుగానే ఉంది.