బోణీ బస్తాలో సెల్లు

ఆ రోజు పొద్దున్న బాలామణి వేసుకున్న పథకంలో లోపమన్నది లేదు. పులిహోర కలపాలి. మధ్యాహ్నం కోరాపుట్ నుంచి వచ్చే రైలు రాయగడలో ఆగిన కాసేపట్లో దాన్ని చెల్లెలు విజయదుర్గ చేతిలో పెట్టి, కళ్ళారా చూసి, చెయ్యి ఊపి ఇంటికి రావాలి. దుర్గ మొగుడు ఢిల్లీశ్వరరావు ఫ్యాక్టరీ ఉద్యోగంలో రిటైరై, కూతురుండే సంబల్‌పూరుకు మకాం మార్చేస్తున్నాడు. ఇక ఈ కొండల వైపు వాళ్ళు మళ్ళీ ఎందుకు వస్తారు?

ఊరు దాటే మనిషికి చెయ్యి ఊపకపోతే ఆ మనిషి మళ్ళీ కనబడడని బాలామణి నమ్మకం. ఒకసారి ఆమె స్టేషను చేరేసరికి తమ్ముడి రైలు కదిలిపోయింది. తర్వాత కబురు వచ్చింది గాని తమ్ముడు రాలేదు. అప్పటినుంచి పొరుగువాళ్ళు పార్వతీపురం పెళ్ళికి వెళ్తున్నా ఆమె ప్లాట్‌ఫారం మీద తయారు.

"కొండ దిగుతూ ఫోన్ సేస్తానక్కా. ఏ పెట్టో అప్పుడు సెప్తాను" అని దుర్గ ముందురోజే మాట ఇచ్చింది. బాలామణి మోకాళ్ళకు రైలు పొడుగునా వెతికే ఓపిక లేదు. మొగుడి దుకాణంలో ల్యాండ్‌ఫోను వానాకాలం మొదలైన దగ్గర్నుంచి మౌనవ్రతంలో ఉంది. సెల్‌ఫోన్లు ఊళ్ళోకి కొత్తగా వస్తున్న రోజులు, ఇంటికంతటికీ ఒక్కటే. అందుకే బాలామణి దాన్ని బొడ్లో దోపుకుని తిరిగింది. అంత భద్రంగా దాచిన వస్తువు వేరే ఎక్కడ పడుతుంది? అంట్ల తొట్టిలో పడింది.

తీసి తుడిచింది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వీధి వాకిట్లో టోకు బియ్యం దుకాణం నడిపే ఆమె భర్త సుందరరావు వచ్చి, జ్వరం చూసే గొట్టాన్ని విదిలించినట్టు దాన్ని విదిలించాడు. బయటికి వద్దామనుకున్న నీళ్ళు కూడా భయపడి లోపలికి పోయాయి.

"ఎండలో పెట్టు" అన్నాడు.

"ఎండేదండీ? సూర్యుడి మొహం సూసి వారమైంది."

"అదీ నా తప్పేనా?"

పక్కింటి పైడితల్లి గోడ మీంచి తల పెట్టింది. "ఉప్పు జాడీలో బియ్యం గింజలెందుకేస్తాం వదినా? సెమ్మ లాగెయ్యడానికే కదా. ఫోనుకీ అంతే. బియ్యంలో పాతీ."

మాట బాగానే ఉంది. కాని ఫోను పడింది అంట్ల తొట్టిలో. ఎంగిలి నీళ్ళు తాగిన వస్తువును దేవుడి నైవేద్యానికి వండే బియ్యం డబ్బాలో ఎలా పెడుతుంది? బాలామణి దుకాణంలోకి వెళ్ళి, మూతి విప్పి ఉన్న బస్తాలో మోచేతి దాకా దూర్చి పాతిపెట్టింది. అది ఊళ్ళోవాళ్ళు తినే బియ్యం. వాళ్ళ ఆచారాలు వాళ్ళు చూసుకుంటారు.

స్నానం చేసి వచ్చేసరికి బస్తా లేదు.

"ఇక్కడి బస్తా ఏదండీ?"

"బోణీ అయింది. గుణుపురంలో కాలేజీ పిల్లలకి మెస్సు నడుపుతాడే సోమేశ్వరరావు, అతనే పట్టుకెళ్ళేడు. నా సేత్తో దబ్బనం పెట్టి కుట్టి ఇచ్చేను."

"అందులో ఫోనుంది. పిలవండి, జీపు ఇంకా మలుపు కాడే ఉంది."

"మతి పోయిందేటే నీకు? బోణీ బేరగాణ్ణి ఎనక్కి పిలుస్తారా? ఇయ్యాళ అతన్ని పిలిస్తే ఏడాది పొడుగునా అమ్మిన సరుకంతా ఎనక్కి నడిసొస్తాది."

"మరి నా సెల్లెలో?"

"నీ సెల్లెలు రైల్లో ఉంది. బస్తాలో నేదు కదా."

జీపు మలుపు తిరిగిపోయింది. వంశాచారాన్ని కాపాడిన తృప్తితో సుందరరావు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. టెలిఫోను బూతుకు వెళ్దామంటే దుర్గ నంబరు ఆ ఫోనులోనే ఉంది. చేసేది లేక బాలామణి పులిహోర క్యారేజీతో పెందరాళే స్టేషనుకు చేరి, కనబడిన దేవుళ్ళందరికీ మొక్కుతూ కూర్చుంది.

గుణుపురంలో సోమేశ్వరరావు మెస్సుకు బియ్యం తీస్తుంటే చేతికి ఫోను తగిలింది. మీట నొక్కి చూశాడు. భేషుగ్గా వెలిగింది. పైడితల్లి వైద్యం ఫలించింది. కాకపోతే రోగి గుణుపురంలో ఉన్నాడు. కాసేపటికి అది మోగింది.

"అక్కా, కొండ దిగుతున్నాం" అంది దుర్గ.

"నేను అక్కని కాదండి. ఈ ఫోను మా బియ్యం బస్తాలో దొరికింది."

"బస్తాలోనా? మా అక్కేదీ?"

"అక్కగారు ఇందులో నేరండి" అని, అబద్ధమాడటం ఇష్టం లేని సోమేశ్వరరావు ఒక మాట కలిపాడు. "ఇంకా అడుగుదాకా సూడనేదు."

అక్కడ రైలు సొరంగంలోకి దూరింది. సొరంగాలకు సమయం బాగా తెలుసు.

రాయగడలో రైలు పూర్తిగా ఆగకముందే చివరి పెట్టెలోంచి దుర్గ దూకి, రిక్షా ఎక్కి అక్క ఇంటికి పరిగెత్తించింది. అదే సమయానికి బాలామణి ఇంజను వైపు నుంచి ఒక్కో కిటికీలో తల పెట్టుకుంటూ వస్తోంది. చివరి పెట్టెలో ఢిల్లీశ్వరరావు గురక పెడుతూ దొరికాడు.

"మరిదిగారూ, దుర్గేదండీ?"

ఆయన కళ్ళు నులుముకుని ఎదుటి బెర్తు చూశాడు. "బాత్రూంకి ఎల్లినట్టుందండి, వదినగారూ" అని క్యారేజీ అందుకున్నాడు. "పులిహోరేనా?"

రైలు కదిలింది. ఉన్న చెల్లెలికి చెయ్యి ఊపే యోగం లేక, బాలామణి రైలు మరుగుదొడ్డి కిటికీ వైపు చెయ్యి ఊపుతూ ఏడ్చింది. తమ్ముడి రైలు కూడా ఇలాగే, ఇదే మలుపు దగ్గర చిన్నదైపోయింది.

కళ్ళు తుడుచుకుంటూ ఇల్లు చేరేసరికి వీధంతా అక్కడే ఉంది. దుకాణంలో బస్తాలన్నీ మూతులు విప్పి నేల మీద కుమ్మరించి ఉన్నాయి. బియ్యం గుట్ట మధ్య జుట్టు విరబోసుకుని దుర్గ, చేతులు జోడించి సుందరరావు.

"స్టేషనుకెల్లిందంటే ఇనదే. అన్ని బస్తాలూ అడుగుదాకా సూపించమంటాది" అన్నాడు సుందరరావు నీరసంగా.

దుర్గ అక్కను చూసి బియ్యం తొక్కుకుంటూ వచ్చి వాటేసుకుంది. "బతికే ఉన్నావేటే? నిన్ను సంపి మూట కట్టేరనుకున్నాను."

"నువ్వు ఎల్లిపోయేవనుకున్నానే" అంది బాలామణి, ఆమె వీపు తడిమి తడిమి చూసుకుంటూ. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. జన్మలో ఇంకేమీ అడగనని బాలామణి దేవుడికి దండం పెట్టింది.

మర్నాడు గుణుపురం బస్సు కండక్టరు ఫోను తెచ్చి ఇచ్చాడు. సంబల్‌పూరు నుంచి ఢిల్లీశ్వరరావు చేసి, పులిహోర బాగుందనీ, దుర్గను తొందరపెట్టవద్దనీ, నిదానంగా పంపితే చాలనీ చెప్పాడు. ఆయన గొంతులో అంత హుషారు బాలామణి ఎన్నడూ వినలేదు. దుర్గ వంటింట్లో డబ్బాలన్నీ దింపి కొత్త వరసలో పెట్టింది. బావ దుకాణం నడిపే తీరు దిద్దింది. పైడితల్లితో గోడ మీంచి ఒక గొడవ, గోడ దాటి ఇంకొకటి పెట్టుకుంది. చారులో ఇంగువ ఎక్కువైందని అమ్మ పోయిన నాటి సంగతులు తీసింది.

వారం తిరక్కుండా బాలామణి మోకాళ్ళ నొప్పిని లెక్కచేయక మళ్ళీ స్టేషనుకు వెళ్ళింది, తత్కాల్‌లో సంబల్‌పూరుకు ఒక్క టికెట్టు దొరుకుతుందేమో కనుక్కోవడానికి.