తోక మీద నీలి గీత

షుగర్ జబ్బు ఒక వరం! నవ్వకండి. కాకపోతే ఆ వరం అందుకోవాలంటే ముందు ఎలుకై పుట్టాలి.

మా అమ్మాయి లాబొరేటరీలో పనిచేస్తుంది. అక్కడ ఎలుకలకు ఇంజెక్షన్ చేసి మరీ షుగర్ తెప్పిస్తారు. మనలాగా ఏళ్ల తరబడి తిని, కూర్చుని సంపాదించుకునే శ్రమ వాటికి లేదు! ఆపైన తోక మీద మార్కర్‌తో నీలి గీత గీస్తారు. గీత పడిందా, ఇక దాని దశ తిరిగినట్టే. పొద్దున్నే తూకం, తోక కొస నుంచి రక్తపు చుక్క, ఎన్ని నీళ్లు తాగింది, ఎలా నడిచింది... కొత్తల్లుడికైనా ఇంత మర్యాద జరుగుతుందా?

చివరికి దాని కాలేయం, కిడ్నీలు తీసి, వాటిలో ఎంజైములు ఎలా పనిచేస్తున్నాయో కొలుస్తారు. ఎంజైములంటే అవయవాల్లో కూలీలనుకోండి. షుగరొచ్చిన కాలేయంలో చక్కెరను వాడుకునే కూలీలు ముసుగుతన్ని పడుకుంటారట. ఉన్నది చాలదన్నట్టు, కొత్త చక్కెర తయారుచేసేవాళ్లు మాత్రం ఓవర్‌టైమ్ చేస్తారట! నేను రిటైరైన ఆఫీసు అచ్చం ఇలాగే నడిచేది.

కాలేయం తీస్తే ఎలుక చావదా అంటారా? చస్తుంది. ఏ వరానికైనా చిన్న మెలిక ఉంటుంది కదండీ!

మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎలుక కబుర్లే.

“దాని కాళ్లు మొద్దుబారిపోతున్నాయి నాన్నా, పాపం! వేడి తగిలినా వెనక్కి లాక్కోవట్లేదు.”

“అయ్యయ్యో!” అన్నాను. నిజంగానే ముద్ద దిగలేదు.

మా ఆవిడకూ షుగరే. “నాక్కూడా కాళ్లు...” అని ఏదో మొదలుపెట్టింది.

“ఉండవోయ్, ముందు ఎలుక సంగతి విననీ” అన్నాను. సైన్సు ముఖ్యం కదా! మొన్న తను కాళ్ల సంగతి చెబితే డాక్టరుగారు మాత్రం ఏమన్నారు? కాగితం మీంచి తలెత్తకుండానే “స్వీట్లు తగ్గించండమ్మా, నెక్స్ట్!” అన్నారు.

నిన్న పొద్దున మా ఆవిడ అమ్మాయి బ్యాగులోంచి మార్కర్ తీసింది. కాలి బొటనవేలి మీద నీలి గీత గీసుకుంది. ఆ కాలు తెచ్చి, మేం టిఫిన్ చేస్తున్న బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడు చూస్తారా?”

చూశాం. వేలి కింద కాలిన పుండు, అప్పటికే చీము పట్టి ఉంది. ఎప్పుడు కాలిందో తనకే తెలియదట. అమ్మాయి ఏడుస్తూ ఆ కాలు ఒళ్లో పెట్టుకుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరిగెత్తాను. వేలు ఉంచుతారో తీసేస్తారో రేపు చెబుతారట.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, దయచేసి ఒక నీలి మార్కర్ కొనిపెట్టండి. గీత లేని కాలు మాలాంటి చదువుకున్నవాళ్లకు కనబడదు!