దొరసాని బరువు

ఆ రోజు ఉదయానికి పార్సిల్ బాబాయి వేసుకున్న పథకం చాలా సులువైనది. పెందలాడే లేవడం, సైకిల్‌ను షాపుకు తీసుకెళ్లి గాలీ బ్రేకులూ చూపించుకోవడం, టిఫిను తినడం, దొరసానికి చెప్పి బయల్దేరడం. ఆ తర్వాత సముద్రం వచ్చేదాకా తొక్కడం. సముద్రం పోను రాను నెల రోజుల దూరంలో ఉంది.

దొరసాని అంటే వాళ్ల పిల్లి. ఇంకో ఏడాది గడిస్తే ఓటు హక్కు వచ్చే వయసు. పళ్లు ఊడిపోయాయి, చెవులు వినపడవు, దర్జా మాత్రం చెక్కుచెదరలేదు. బాబాయి ఈ యాత్ర మూడుసార్లు తలపెట్టి, మూడుసార్లూ దాని మూలంగానే మానుకున్నాడు. మొదటిసారి దానికి జ్వరం, రెండోసారి పంటి నొప్పి. మూడోసారి ఏ జబ్బూ లేదు. ప్రయాణం సంచీ మీద ఎక్కి పడుకుని ఆయన వైపు ఒక్క చూపు చూసింది, అంతే. ఈసారి ఆఫీసువాళ్లు సెలవు మంజూరు చేశారు. మళ్లీ ఏడాదికి మోకాళ్లు మంజూరు చేస్తాయన్న నమ్మకం ఆయనకు లేదు.

వీధంతా ఆయన్ని పార్సిల్ బాబాయి అనేది ఊరికే కాదు. పార్సిల్ ఆఫీసు కాటా దగ్గరే ఆయన నల్లజుట్టు తెల్లబడింది. పెట్టెను చేత్తో ఎత్తి బరువెంతో చెప్పేవాడు. కాటా తర్వాత తీరిగ్గా అవుననేది. ఇంట్లోంచి ఏ వస్తువు గడప దాటాలన్నా అట్టపెట్టెలో పెట్టి, నిలువుగా అడ్డంగా తాడు వేసి, పైన ఆయన ముడి వేయాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో భార్యకు ఆయన నేర్పిన మొదటి విద్య అదే. ఆయన బాబాయి కాబట్టి ఆవిడ వీధికంతటికీ పిన్ని అయింది.

ముందురోజు సాయంత్రం ఆయన రెండు పెట్టెలు కట్టాడు. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో గుడారం. వాటిని పార్సిల్‌లో మొదటి మజిలీకి ముందుగా పంపించేస్తే సైకిల్ తేలిగ్గా ఉంటుందని ఆలోచన. పిన్ని రెండు దుప్పట్లు కూడా పెట్టమంది. అక్కర్లేదన్నాడు. చలికి బిగుసుకుపోతారంది. యాత్రికుడు దుప్పట్లు మోసుకుపోతే యాత్ర కాదు, కాపురం మార్చడమవుతుందన్నాడు. ఆ వాదన తెగకుండానే ఇద్దరూ నిద్రపోయారు.

తెల్లవారి ఆయన సైకిల్ షాపుకు వెళ్లాక, పిన్ని వరండా ఊడవడానికి వెళ్లింది. దొరసాని కుర్చీ కింద, బాబాయి పాత స్వెట్టరు మీద ముడుచుకుని పడుకుని ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

పిన్ని చీపురు పక్కన పెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. కాసేపటికి సైకిల్ షాపు గుర్తొచ్చింది. ఈ మాట ఆయన చెవిన పడితే యాత్ర ఇక ఈ జన్మలో జరగదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. దొరసానిని స్వెట్టర్లోనే చుట్టి ఒక అట్టపెట్టెలో పడుకోబెట్టింది. చేతులు అలవాటు కొద్దీ తాడు వేసి ముడి బిగించేశాయి. పెట్టెను వెనక గదిలో తలుపు చాటున పెట్టి, వ్యాన్ నడిపే తమ్ముడికి ఫోన్ చేసింది. వరండాలోవి రెండూ ఆఫీసులో ఇచ్చి రావాలని, వెనక గదిలోదాన్ని బావ వెళ్లాక పెరట్లో పూడ్చాలని చెప్పింది. "ఆయన ముందు ఏడ్చావంటే ఊరుకోను" అని కూడా చెప్పి, ఆ మాటకు తనే మళ్లీ ఏడ్చింది.

ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు బాబాయి తిరిగొచ్చాడు. పంపు కోసం వెనక గదిలోకి వెళ్తే కాలికి పెట్టె తగిలింది. ఆ గదిలో బల్బు మాడిపోయి చాలా రోజులైంది, అందుచేత ఆయన కళ్లను కాకుండా చేతుల్ని నమ్ముకున్నాడు. ఎత్తి చూశాడు. నాలుగు కిలోలు. అంటే గుడారం. గుడారం ఇక్కడుంటే వరండాలో ఉన్నదేమిటి? సంగతి ఆయనకు ఇట్టే అర్థమైంది. పిన్ని గుడారాన్ని దాచేసి, దాని స్థానంలో దుప్పట్లు కట్టి పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఓడిపోయి ఊరుకున్న వాదన ఒక్కటీ లేదు మరి.

బాబాయి, ఆవిడ స్నానం ముగిసేలోపు హడావుడిగా, తలుపు చాటు పెట్టెను వరండాలోకి తెచ్చి, వరండాలో తను దుప్పట్లనుకున్నదాన్ని తలుపు చాటుకు చేర్చాడు. విలాసం చీటీని దాన్నించి తీసి దీనికి కట్టాడు. బయల్దేరే రోజున భార్యతో గొడవెందుకని తన ఓర్పుకు తనే మురిసిపోయాడు. తమ్ముడు వచ్చి, బావ మొహం చూడకుండా రెండు పెట్టెలూ వ్యాన్‌లో వేసుకుని వెళ్లాడు.

"దొరసాని ఏదే?" అన్నాడు బాబాయి, టిఫిను ముందు కూర్చుంటూ.

పిన్నికి నోటికొచ్చింది పక్కింటి డాబా. ఎండకు పడుకుందని చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కుని పక్కింటికి బయల్దేరాడు. పిన్ని పిట్టగోడ మీంచి పక్కింటి టీచరమ్మకు చేతులతో సైగలు చేసింది. టీచరమ్మ ఏళ్ల తరబడి పిల్లలకు నిజమే చెప్పమని నేర్పిన మనిషి. సైగల్లో సగమే అర్థమైనా, ధైర్యం చేసి, దొరసాని ఇప్పుడే ఇటు వచ్చి గిన్నెడు పాలు తాగి వెళ్లిందని చెప్పేసింది.

దానితో వచ్చింది చిక్కు. దొరసాని పాలు ముట్టి వారం దాటింది. బాబాయి పరుగున వచ్చి, "పాలు తాగిందటే, గిన్నెడు" అన్నాడు. ఆయన కళ్లలో ఆ వెలుగు చూసి పిన్నికి ప్రాణం ఉసూరుమంది. దాన్ని ఒకసారి ముద్దు చేసి గానీ కదలనని ఆయన మంచాల కిందా, బీరువాల మీదా వెతికాడు. వ్యాన్ తిరిగొచ్చి, తమ్ముడు కూడా వెతకడంలో చేరాల్సి వచ్చింది. లేని పిల్లిని ఆ అబ్బాయి ఎంత శ్రద్ధగా వెతికాడంటే, రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు కూడా. చివరికి ఎండ ముదురుతోందని పిన్ని తొందరపెడితే, బాబాయి డాబా వైపు తిరిగి చెయ్యూపి, సైకిలెక్కాడు.

ఆయన మలుపు తిరగగానే పెరట్లో గొయ్యి తవ్వారు. తమ్ముడు పెట్టెను దించాడు. టీచరమ్మ తన కుండీల్లోని పూలన్నీ కోసుకొచ్చి, అబద్ధమాడిన బాధ కూడా కలుపుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఇంటిని పదిహేడేళ్లు ఏలిందని తమ్ముడు మెచ్చుకున్నాడు. గుడారానికి అంతటి గౌరవం అంతకుముందు ఎక్కడా జరిగి ఉండదు.

బాబాయి దారిలో ఆఫీసు దగ్గర ఆగాడు. స్నేహితులు ఆయన పెట్టెల్నే తూస్తున్నారు. "ఇది నాలుగు కిలోలు" అన్నాడాయన గుమ్మంలోంచే. కాటా మూడుంపావు చూపించింది. ఆఫీసంతా గొల్లుమంది. కాటా చెడిందన్నాడు. రాళ్లు పెట్టి చూపించారు, చెడలేదు. అప్పుడు ఆయన ముడి వైపు చూశాడు. తను నేర్పిన ముడే, కానీ ఎడమకు తిరిగి ఉంది. పిన్నిది ఎడమచేతి వాటం. ఇవే దుప్పట్లన్నమాట, గుడారం ఇంట్లోనే ఉండిపోయింది. భార్య మొండితనం మీరే చూడండంటూ అందరి ముందూ తాడు విప్పాడు.

పైన తన పాత స్వెట్టరు కనబడింది. మడత తీసి చూసి, మళ్లీ మెల్లిగా కప్పాడు. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆయన బెంచీ మీద పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పదిహేడేళ్లు రోజూ ఎత్తుకున్న బరువును తను గుర్తుపట్టలేదే అన్నదొక్కటే ఆయన బాధ. చేతులు చెప్పిన నాలుగు కిలోలు దాని పాత బరువు; వారం నుంచి తిండి లేక అది ఎంత చిక్కిపోయిందో అప్పుడే తెలిసింది. తర్వాత తాడు కట్టి, పెట్టెను సైకిల్ వెనక పెట్టుకుని, ఎక్కకుండా ఇంటిదాకా నడిపించుకొచ్చాడు.

పెరట్లో మట్టి సర్దుతున్న ముగ్గురూ ఆయన్నీ, ఆ పెట్టెనూ చూసి నిలబడిపోయారు. గొయ్యి మళ్లీ తవ్వారు. గుడారం పైకి వచ్చింది, దొరసాని కిందికి వెళ్లింది. టీచరమ్మ మళ్లీ మొదట్నించీ ఏడ్చింది.

"నాకు చెప్పాల్సింది" అన్నాడు బాబాయి, అందరూ వెళ్లాక.

"చెబితే ఆగిపోతారని."

"ఆగేవాణ్ణే. ఇప్పుడు మాత్రం ఎలా వెళ్తాను? అది కూడా లేకుండా నువ్వొక్కదానివే ఈ ఇంట్లో."

"నా సంగతి నేను చూసుకుంటాను. మీరు వెళ్లకపోతే అది పోయిందని కాదు, మిమ్మల్ని ఆపి పోయిందని ఏడుస్తాను. దాని మీద ఆ నింద వేయకండి."

ఆయన గుడారం పెట్టెకు అంటిన మట్టి దులిపి, తాడు మళ్లీ బిగించాడు. మర్నాడు పొద్దున్నే, తిరిగి చూడకుండా బయల్దేరాడు. పిన్ని గేటు దగ్గర నిబ్బరంగా నిలబడి సాగనంపింది. లోపలికి వచ్చి పాల గిన్నె కడిగి బోర్లించింది. కుర్చీ కింద ఊడ్చింది. మళ్లీ ఊడ్చింది. ఇల్లు చప్పుడు చేయడం మానేసింది.

సాయంత్రానికి బాబాయి ఒళ్లు హూనమై మొదటి మజిలీ చేరాడు. సత్రం అరుగు మీద, పక్కన చేతిసంచీతో, ఏడ్చి ఉబ్బిన కళ్లతో పిన్ని కూర్చుని ఉంది. "ఆ ఇంట్లో ఉండలేకపోయానండీ" అంది. ఆయన సైకిల్ గోడకు ఆనించి, పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఇద్దరూ కలిసి, ఎవరి దగ్గరా ఏమీ దాచకుండా ఏడ్చారు.

ఆ నెలంతా ఆయన సైకిల్ మీద, ఆవిడ బస్సులో సముద్రం దాకా వెళ్లొచ్చారు. ప్రతి మజిలీలోనూ ఇంత ఆలస్యమేమిటని ఆయన మాట పడాల్సి వచ్చింది.