అత్తగారి కుర్చీకి గురి

హార్లన్ క్రైడర్ ఏ పనికైనా ముందు లెక్క వేస్తాడు. మేకులు, గొలుసులు, పశువుల మేత అమ్మే అతని కొట్టు ఇరవై ఆరేళ్లుగా నిలబడింది ఆ లెక్కల మీదే. ఇంటి గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం అవే లెక్కలు ఒక్కటీ నిలబడవు.

ఆ జనవరి శనివారంతో పెన్సిల్వేనియా కొండల్లో చెకుముకి తుపాకుల వేటకు గడువు ముగిసింది. ఎనిమిది గంటలు మంచులో నిలబడి, జింక తోకైనా చూడకుండా హార్లన్ సాయంత్రానికి ఇంటి వెనక గుమ్మం దగ్గరికొచ్చాడు. చేతిలో అతని ప్రాణం లాంటి తుపాకీ. పాతకాలపు నమూనా చూసి, నాలుగు చలికాలాలు కొట్టు వెనక గదిలో మేపుల్ చెక్క చెక్కి తానే చేసుకున్నది. నున్నటి గొట్టం. సీసపు రవ్వలు పోస్తే ఉడతకు, ఒంటి గుండు వేస్తే జింకకు, ఉత్త మందు కూరితే వేసవిలో జరిగే పాత యుద్ధాల ప్రదర్శనకు. ఒకటే సరుకు, మూడు పనులు.

పొద్దున కూరిన మందూ గుండూ గొట్టంలో అలాగే ఉన్నాయి. పెరట్లో మట్టిదిబ్బలోకి పేల్చేస్తే సరిపోతుంది. కానీ ఒక్కసారి పేలిస్తే ఆ నల్లమందు మసి తెల్లారేసరికి గొట్టాన్ని తినేయడం మొదలెడుతుంది. అప్పుడిక వేడినీళ్లు, సబ్బు, గుడ్డపీలికలు, నూనె, వంటింటి నిండా కుళ్లిన గుడ్ల వాసన. గంటన్నర చాకిరీ. పేల్చకపోతే చాకిరీ సున్నా.

నిప్పురవ్వ పడి ముందుగా అంటుకోవడానికి గొట్టం పక్కనున్న చిన్న దొప్పలో వేసిన చిటికెడు మందును హార్లన్ ఉఫ్‌మని ఊదేసి లోపలికి నడిచాడు.

"ఖాళీ చేశావా?" వంటింట్లోంచి అడిగింది భార్య వెల్డా.

"చేశా."

"చప్పుడు వినబడలేదే?"

"పేల్చలేదు. కడ్డీకి మర బిగించి గుండు బయటికి లాగేశా."

"నువ్వా? ఊరగాయ సీసా మూత కూడా నాచేత తీయించుకునే నువ్వా?"

"సీసా వేరు, తుపాకీ వేరు."

"అవును. సీసా పేలదు."

వెల్డాకు అనుమానం రావడానికి కారణముంది. రెండేళ్ల కిందట అతను ఇలాగే గుండుతో ఉన్న తుపాకీని గొడుగుల పక్కన నిలబెట్టి దొరికిపోయాడు. "ఇంకోసారి జరిగితే దాన్ని మా తమ్ముడికిచ్చేస్తా" అని ఆమె ఆరోజే తేల్చి చెప్పింది. ఆ తమ్ముడు డెల్బర్ట్ వేసవి ప్రదర్శనల్లో కెప్టెన్ వేషం కడతాడు. అతను పేలిస్తే శత్రువుకన్నా సొంత సైన్యమే ఎక్కువ దగ్గుతుంది కాబట్టి ఊరంతా అతన్ని పొగ కెప్టెన్ అంటారు. హార్లన్ తుపాకీ మీద అతనికి నాలుగేళ్లుగా కన్ను.

హార్లన్ తుపాకీని ముందుగది గోడకున్న కొయ్యల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

గొట్టం మూతి తిన్నగా అత్తగారి ఊగుడు కుర్చీవైపు ఉంది.

అత్తగారు ఓర్ఫా ఉండేది డెల్బర్ట్ ఇంట్లో. క్రిస్మస్‌కని వచ్చింది. మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లెక్కలేదు. తినడం, పడుకోవడం, అల్లుణ్ణి వేలెత్తి చూపడం అన్నీ ఆ గదిలోనే. వచ్చే ఆదివారం డెల్బర్ట్ వచ్చి తీసుకెళ్తాడు. అంటే ఎనిమిది రోజులు.

దొప్పలో మందు లేకపోతే పేలదని హార్లన్ బుర్రకు తెలుసు. కడుపుకు తెలియదు. కుర్చీ ముందుకు ఊగితే అత్తగారు బతికింది. వెనక్కి ఊగితే ఆ తెల్లజుట్టు గురిలోకొచ్చింది. గుమ్మంలో నిలబడి అతను ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు.

"వెల్డా, ఆ తుపాకీని అటు తిప్పి పెడదామా? అందంగా ఉంటుంది."

"అటు నువ్వు కూర్చునే కుర్చీ ఉంది."

హార్లన్ లెక్క వేశాడు. తిప్పలేదు.

కిందికి దించబోతే, "వేట అయిపోయిందిగా, ఎక్కడికి?" అంది వెల్డా. ఆమె లేనప్పుడు గదిలో ఓర్ఫా. ఓర్ఫా నిద్రపోయినా ఒక కన్ను తెరిచే ఉంటుంది. ఇక మిగిలింది అత్తగారిని కదిలించడమే.

"అత్తయ్యా, కిటికీ దగ్గర కూర్చోండి. ఎండ బాగుంది."

"మంచు కురుస్తోంది అల్లుడూ."

"మంచు కూడా బాగుంది."

కాఫీ తెచ్చి కిటికీ దగ్గర పెట్టాడు. ఆవిడ తాగి, మళ్లీ కుర్చీలోకొచ్చింది. కాళ్ల కింద దిండు పెట్టాడు, మోకాళ్లకు మందు రాశాడు. మధ్యాహ్నాలు కొట్టు మూసి, ఆపిల్ తీపిరొట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పొయ్యిలో కట్టె చిటపటమంటే చాలు, "అత్తయ్యా!" అని అరిచేవాడు.

"ఏంటి?"

"బాగున్నారా?"

"ఇప్పటిదాకా బానే ఉన్నా."

బుధవారానికి అతనికి నిద్ర పోయింది, శుక్రవారానికి ఆకలి పోయింది. కొట్లో ఒకాయన గొలుసడిగితే మేత తూచి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం డెల్బర్ట్ వచ్చాడు. ముందుగదిలోనే వేసిన బల్లమీద పంది మాంసం, పుల్లటి క్యాబేజీ. ఇంకొక్క గంట గడిస్తే అత్తగారు కారులో ఉంటుంది. హార్లన్ నిమిషాలు లెక్కపెడుతూ నలిపిన ఆలుగడ్డల గిన్నె అందుకున్నాడు.

"బావా, చెకుముకి రాయి మార్చావా?" అంటూ డెల్బర్ట్ లేచి గోడమీది తుపాకీ దించాడు.

"దాన్ని... తిండయ్యాక చూద్దువుగాని."

"నిప్పురవ్వలు ఎలా రాలతాయో అమ్మకు చూపిస్తా." డెల్బర్ట్ రాయి బిగించిన కొక్కేన్ని వెనక్కి లాగాడు. టక్! తుపాకీ మూతి వెల్డాను దాటి, క్యాబేజీని దాటి, ఓర్ఫా దగ్గర ఆగింది. "ఖాళీయేగా?"

అందరూ హార్లన్ వైపు చూశారు.

"ఖా..." అన్నాడు హార్లన్. రెండో అక్షరం బయటికి రాలేదు. డెల్బర్ట్ వేలు మీటమీదికి పోయింది.

"ఆపు! గుండుంది! మందూ ఉంది!"

హార్లన్ ఒక్క దూకులో వెళ్లి, ఆలుగడ్డల గిన్నెను డాలులా గుండెకు అడ్డం పెట్టుకుని అత్తగారి ముందు నిలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

డెల్బర్ట్ కొక్కేన్ని మెల్లగా దించి, తుపాకీని పాముపిల్లను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వు" అంది ఓర్ఫా. ఆవిడ తుపాకీని నిలబెట్టి, గొట్టం కింద దోపి ఉన్న కూరే కడ్డీ లాగి లోపలికి జారవిడిచింది. కడ్డీ అడుగుదాకా పోయి ఖంగుమని మోగింది.

ఖాళీ.

"పోయిన ఆదివారం మీరు చర్చికెళ్లినప్పుడే లాగేశా" అంది. "ముందు రోజు సాయంత్రం గుమ్మంలో నిలబడి నా తలనీ ఆ గొట్టాన్నీ మార్చి మార్చి చూశావు చూడు, అప్పుడే అనుమానమొచ్చింది. కడ్డీ వేస్తే అడుగుకు పోలేదు, నాలుగు వేళ్లు పైనే ఆగింది. పెళ్లికి ముందే పదకొండు జింకల్ని కొట్టినదాన్ని నేను, ఆమాత్రం తెలీదా?"

"మరి వారమంతా చెప్పలేదేం?" అన్నాడు హార్లన్.

"కాఫీ వస్తోందిగా, చెప్పడమెందుకు?"

వెల్డా లేచింది. "డెల్బర్ట్, తుపాకీ కారులో పెట్టు."

డెల్బర్ట్ అప్పటికే కోటు వేసుకున్నాడు.

"కూర్చోరా" అంది ఓర్ఫా. "మీ ఇంట్లో నా కాఫీ నేనే పెట్టుకోవాలి. ఇక్కడ కాళ్ల కింద దిండు, మోకాళ్లకు మందు. వెల్డా, తుపాకీ గోడమీదే ఉండనీ. దాని కింద నేనుంటా, మంచు కరిగేదాకా. అల్లుడూ, రెండూ కలిపే బేరం. విడిగా ఇవ్వను."

హార్లన్ గోడవైపు చూశాడు, కుర్చీవైపు చూశాడు. కదలని సరుకుని గిరాకీ ఉన్న సరుకుతో జతకట్టి అంటగట్టడం ఇరవై ఆరేళ్లుగా అతని విద్యే. అవతలివైపు నిలబడి చూడటం ఇదే మొదలు.

"సరే, అత్తయ్యా" అన్నాడు.

"అయితే ఆ గిన్నె దించి కాఫీ తీసుకురా. చక్కెర కాస్త ఎక్కువెయ్యి. వారమంతా భయపడుతూ సరిగ్గా వెయ్యలేదు నువ్వు."