ఆశించిన ప్రయోజనాలు

ఆ ఉదయం హేరాన్ పెట్టుకున్న పని ఒక్కటే. రెండేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న కొత్త క్వాంటమ్ పదార్థపు స్ఫటికాన్ని మూడు గంటలకు కొలత యంత్రంలో పెట్టాలి. అది నువ్వుగింజంత ఉంటుంది. గాలి తగిలితే నిమిషంలో పాడైపోతుంది కాబట్టి గాలి చొరని గాజు పెట్టెలో ఉంది.

తెజోన్ నగరంలో ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో ఏ పత్రికా ప్రకటనకైనా చివర ‘ఆశించిన ప్రయోజనాలు’ అనే గడి నింపి తీరాలి. ముందురోజు తన స్ఫటికం గురించిన ప్రకటనలో హేరాన్ కూడా అందరిలాగే నింపింది: ఎప్పటికైనా కరెంటు వృథా తగ్గవచ్చు. విలేఖరులు చదివింది ఆ గడి ఒక్కటే. ‘ఎప్పటికైనా’ను ఎవరు మింగేశారో తెలియదు.

తొమ్మిదింటికి అమ్మ ఫోను చేసింది.

“ఒసే, ఊరి మొదట్లో నీ పేరుతో బ్యానరు కట్టారే! ఇక కరెంటు బిల్లే రాదటగా? మీ పెద్దమ్మ కిమ్చీ పచ్చడి పెట్టుకోడానికి ఇంకో ఫ్రిజ్ కొనేసింది.”

“అమ్మా, అది మైనస్ రెండొందల అరవై డిగ్రీల చలిలోనే పనిచేస్తుందే!”

“అయితే ఫ్రిజ్‌లోనే పెట్టు.”

పదింటికి సంస్థ డైరెక్టర్ కుక్ టీవీవాళ్లను వెంటేసుకొచ్చాడు. “పెట్టె తెరువమ్మా, లైవ్ పోతోంది.”

“సార్, గాలి తగిలితే పోతుంది.”

“ఒక్క నిమిషమేగా! నీ ఉద్యోగం పొడిగింపు కాగితం నా బల్లమీదే ఉంది, గుర్తుందా?”

“తెస్తానుండండి,” అని హేరాన్ పక్కగదిలోకి వెళ్లి, పెన్సిలు మొన విరిచి, గాజుపళ్లెంలో పెట్టి తెచ్చింది.

“ఆహా! ఈ మెరుపు ఈ లోకంది కాదు!” అంది టీవీ అమ్మాయి. మధ్యాహ్నానికల్లా ముగ్గురు నిపుణులు ఆ మెరుపును టీవీలోనే ధ్రువీకరించారు. ఐదింటికి వచ్చి దాన్ని తీసుకెళతామని ఒక మ్యూజియం కబురు పెట్టింది.

మూడింటికి అసలు స్ఫటికం అనుకున్నట్టే పనిచేసింది. హేరాన్ యంత్రం ముందే ఏడ్చేసింది. ఆ తర్వాత భయం పట్టుకుంది. మ్యూజియంవాళ్లు ఆ ముక్కను పరీక్షిస్తే ఉద్యోగమే కాదు, పరువూ పోతుంది. డైరెక్టర్ గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది.

పొద్దుట్నుంచి పన్నెండు చానళ్లలో ఆ పళ్లెం పట్టుకుని నవ్విన డైరెక్టర్ ముఖం పాలిపోయింది.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు సార్.”

ఆయన పొడిగింపు కాగితం వెతికి సంతకం పెట్టాడు. అందులో ‘ఒక ఏడాది’ అని ఉన్నదాన్ని కొట్టేసి ‘మూడేళ్లు’ చేశాడు.

అసలు ఫలితంతో హేరాన్ మరో ప్రకటన పంపింది. ప్రయోజనాల గడిలో ‘ఇప్పటికి ఏమీ లేవు’ అని రాసింది. ఏ పత్రికా వేయలేదు.

పెన్సిలు మొన మాత్రం మ్యూజియంలో, ఇద్దరు కాపలాదారుల మధ్య, గాలి తగలకుండా భద్రంగా ఉంది.