తిమ్మరాజు షెడ్డులో ఉయ్యాల

ఆ రోజు తిమ్మరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం పాసింజరుకు హిందూపురం నుంచి హనుమంతప్ప వస్తాడు. కూతురి పెళ్లిచీర తీసుకుని వెళ్తాడు. చీరలో ఇంకా నేయాల్సింది జానెడు కొంగు. ధర్మవరంలో జానెడు కొంగుకు భయపడే మగ్గాల యజమాని ఎవడూ లేడు.

కాఫీ తాగి షెడ్డులో అడుగుపెట్టేసరికి మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. నేతగాళ్లు ఒక్కరూ లేరు. కండెలకు పట్టు చుట్టే హసీనాబీ మాత్రం రాట్నం వదిలి, దూలానికి కట్టిన ఉయ్యాల ఊపుతోంది. అందులో ఆమె కొడుకు చాంద్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు భరించలేకే నేతగాళ్లు పారిపోయారని తిమ్మరాజు తేల్చేశాడు.

"ఏమ్మా హసీనా, ఇది షెడ్డా, పురిటిగదా? వాడు నడిచేదాకా ఇంటికాడ్నే ఉండు."

"ఇంటికాడ కూర్చుంటే పొయ్యి ఎట్ల మండుతాది సావుకారా? వాడు ఎందుకు ఏడ్చినాడంటే..."

"నాకేం చెప్పద్దు. పో."

హసీనాబీ కళ్లు తుడుచుకుంటూ ఉయ్యాల విప్పుకుని వెళ్లిపోయింది. కాసేపటికి నేతగాళ్లు మూతులు తుడుచుకుంటూ వచ్చారు. సంగతి విని వాళ్లలో పెద్దవాడు కదిరప్ప, "మంచి పని చేసినావు సావుకారా, ఏడుపుతో చచ్చిపోతాంటిమి" అన్నాడు. టీ అంగడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

చుట్టి ఉంచిన కండెలు ఇట్టే అయిపోయాయి.

"దానికేముందిలేబ్బా! ఆడోళ్లు చుట్టేది మనం చుట్టలేమా?" అన్నాడు తిమ్మరాజు.

కదిరప్ప రాట్నం ముందు కూర్చున్నాడు. అతను వదులుగా చుట్టిన కండె, అటూ ఇటూ పరుగెత్తే నాడెలోంచి ఉండలా జారి పెళ్లిచీర పడుగులో ఇరుక్కుంది. పోగులు పుటుక్కుమన్నాయి. వాటిని అతకడానికి పక్క మగ్గం నేతగాడు వెంకటప్ప తన మగ్గం దిగాడు. అతనికి దీపం పట్టడానికి ఇంకొకడు దిగాడు. ఒక్క కండెకు షెడ్డంతా ఆగిపోయింది.

"తప్పుకోండప్పా" అని తిమ్మరాజే రాట్నం తిప్పాడు. ఊపు మీద తిప్పేసరికి పంచె అంచు కూడా పట్టుతోపాటు కదురుకు చుట్టుకుంది. లేవబోతే రాట్నమూ వెంట లేచింది. ఆ చప్పుడుకు భార్య ఈరక్క కత్తెరతో పరుగెత్తుకొచ్చింది.

"పట్టు కోయల్నా, పంచె కోయల్నా?"

"పట్టు ముట్టొద్దే! పంచె కోయి!"

ఈరక్క కోసింది. "ఇంగ ఉండే పంచెన్నా మిగలల్లంటే పోయి ఆ పిల్లను పిల్చుకొని రాపో" అంది.

సగం పంచెతో తిమ్మరాజు వీధిన పడ్డాడు. హసీనాబీ ఇంటిముందు వీధంతా చేరింది. చాంద్ ఏడుపు ఆపలేదు. పక్కింటి బుడన్‌బీ సత్తు తట్ట మీద గరిటెతో టకటకా కొడుతోంది.

"మగ్గం చప్పుడు లేకుంటే వీడు నిద్రపోడంట సావుకారా! నా తట్ట సొట్టలు పోతాంది!"

తిమ్మరాజు తల దించుకున్నాడు. "రామ్మా హసీనా, తప్పయిపోయింది."

"ఉయ్యాల దూలానికే కడతా. పాలియ్యల్లంటే లేస్తా."

"సరే తల్లీ."

"ఈ పూట కూలి కోయకూడదు."

"కోసింది చాలు" అన్నాడు తిమ్మరాజు, పంచె సర్దుకుంటూ.

హసీనాబీ కండెలు అందించింది, మగ్గాలు కదిలాయి, చాంద్ నిద్రపోయాడు. పాసింజరు పెనుకొండ దాటేసరికి కొంగు పూర్తయింది. అప్పుడు గుర్తొచ్చింది తిమ్మరాజుకు.

"మరి పొద్దున ఎందుకు ఏడ్చినాడు?"

"అదే చెప్పబోయినా. అందరూ ఒగేసారి టీకి పోయిరి. మగ్గాలు నిల్చిపోయినాయి, వాడు లేసినాడు."

నేతగాళ్లందరూ తమ కాళ్లుండే మగ్గం గుంతల్లోకి చూశారు.

మర్నాడు ఉయ్యాలకు కొత్త తాడు వచ్చింది. అప్పటినుంచి తిమ్మరాజు వీధి గదిలోంచే మగ్గాలను కనిపెట్టుకుని ఉండేవాడు. చాంద్ ఏడిస్తే చాలు, "ఎవురప్పా టీకి పోయింది?" అని కేక వేసేవాడు. వాడు నడక నేర్చి ఉయ్యాల దిగిన రోజున కదిరప్ప కొబ్బరికాయ కొట్టాడు.

కొన్నాళ్లకు హసీనాబీకి మళ్లీ నెల తప్పింది. "కాన్పయినాక నీ రాట్నం నీదే, ఉయ్యాల ఖర్చు నాది" అని తిమ్మరాజు షెడ్డంతా మిఠాయి పంచాడు.

కదిరప్ప ఒక్కడే తీసుకోలేదు.